పాత గోథిక్ కథల్లో ఇల్లు, భయం, పిచ్చి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎడ్గార్ అలన్ పో, షార్లట్ పెర్కిన్స్ గిల్మన్, మొపాసా లాంటివాళ్ల కథలు చదివాక వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. కొన్ని పరీక్షకు చదివేవాళ్లవి, కొన్ని ఊరికే రాత్రిపూట చదివి నిద్ర చెడగొట్టుకున్నవాళ్లవి. అన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ముందే చెబుతున్నా, జవాబుల్లో కథల ముగింపులు వచ్చేస్తాయి. కథ ముందు చదువుకోవాలనుకుంటే ఆ ప్రశ్న దాటేసి వెళ్లండి.

గోథిక్ కథ అంటే దయ్యాల కథేనా?

దయ్యం ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. పో రాసిన పేరున్న కథల్లో చాలావాటిలో అసలు దయ్యమే లేదు. సాధారణంగా ఉండేవి ఏమిటంటే ఒక పాత కట్టడం, అందులోంచి బయటపడలేని మనిషి, ఎప్పుడో జరిగినా ఇంకా వదలని ఏదో ఒక తప్పు.

మన చందమామ బేతాళ కథలే తీసుకోండి. శ్మశానం, చెట్టు, శవం, అర్ధరాత్రి, సరంజామా అంతా ఉంది. అయినా విక్రమార్కుడికి భయం లేదు, చదివే మనకూ లేదు. అక్కడి పని చిక్కు ప్రశ్నకు జవాబు చెప్పడం. జవాబు చెప్పే రాజు బుర్ర మీద మనకు ఏ అనుమానమూ ఉండదు. గోథిక్ కథలో ఆ బుర్ర మీదే అనుమానం. అందుకే ఈ కథలు చదివేటప్పుడు నేను 'దయ్యం నిజమా' అని అడగడం మానేశాను. ఇది ఎవరు చెబుతున్నారు, ఏ గదిలో కూర్చుని చెబుతున్నారు అని అడుగుతాను. కింది జవాబులన్నీ ఆ వైపు నుంచే వస్తాయి.

'గోథిక్' అనే పేరు ఎక్కడిది?

గోత్‌లు ప్రాచీన రోమ్‌తో యుద్ధాలు చేసిన ఒక జర్మానిక్ తెగ. చాలా శతాబ్దాల తర్వాత ఇటలీ పండితులు మధ్యయుగపు చర్చిల కట్టడాన్ని 'మోటు పని' అని తిట్టడానికి ఆ తెగ పేరు వాడారు. అలా అది ముందు కట్టడానికి పేరైంది, ఆ తర్వాత కథకు. ఇంగ్లండ్‌లో హోరస్ వాల్పోల్ 1764 చివర్లో 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' అనే నవల అచ్చువేశాడు. మొదటి ముద్రణలో అది తన రచన అని చెప్పుకోలేదు, పాత ఇటాలియన్ పుస్తకానికి అనువాదమని నమ్మించాడు. జనానికి నచ్చిందని తేలాక, 1765లో రెండో ముద్రణకు 'గోథిక్ కథ' అని ఉపశీర్షిక తగిలించాడు. ఈయన లండన్ దగ్గర స్ట్రాబెరీ హిల్ అనే తన ఇంటిని కూడా చిన్నసైజు కోటలా కట్టించుకున్నాడు. అంటే ఈ సాహిత్యం మొదటి నుంచీ ఇళ్ల పిచ్చి ఉన్నవాళ్ల చేతిలోనే పుట్టింది.

చిన్నకథగా ఇది బలపడింది మాత్రం 19వ శతాబ్దపు పత్రికల్లో. మూడు సంపుటాల నవలలో కోట చుట్టూ తిప్పి చూపించే తీరిక ఉంటుంది. పత్రిక కథకు పది పేజీలే. దాంతో కోట కాస్తా ఒక ఇల్లయింది, ఇల్లు ఒక గదయింది.

ఈ కథల్లో ఇంటికి అంత ప్రాముఖ్యం ఎందుకు? అది వెనక తెర లాంటిది కాదా?

దీనికి జవాబు 'ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్' లో దొరుకుతుంది. పో దీన్ని 1839 సెప్టెంబరులో ఒక పత్రికలో ప్రచురించాడు.

కథ చెప్పే అతను శరదృతువులో, మబ్బు పట్టిన ఒక రోజు, గుర్రం మీద తన చిన్ననాటి స్నేహితుడు రోడెరిక్ అషర్ ఇంటికి వస్తాడు. దూరం నుంచి ఇల్లు చూడగానే గుండెలో ఏదో బరువు. కిటికీలు చూపు లేని కళ్లలా ఉన్నాయంటాడు. ఈ దిగులేమిటో తేల్చుకుందామని ఇంటి ముందున్న చెరువు దగ్గరికి వెళ్లి, నీళ్లలో ఆ ఇంటి నీడ చూస్తాడు. తలకిందులుగా కనిపించిన ఆ బొమ్మ అసలు ఇంటికన్నా ఎక్కువ వణికిస్తుంది. తర్వాత గోడ మీద ఒక సన్నని పగులు గమనిస్తాడు. అది కప్పు దగ్గర మొదలై వంకర్లు తిరుగుతూ చెరువు నీళ్లలోకి దిగిపోతుంది. కథ చివర ఆ పగులు తెరుచుకునే ఇల్లు రెండుగా చీలి నీళ్లలో కలిసిపోతుంది. అంటే ముగింపు మొదటి పేజీల్లోనే గోడ మీద ఉంది. మనమే పట్టించుకోం.

ఊరివాళ్లు 'హౌస్ ఆఫ్ అషర్' అనే మాటను వంశానికీ భవనానికీ కలిపి వాడేవారని పో చెబుతాడు. ఇంగ్లీషు పాఠకుడికి ఇది విడమరిచి చెప్పాలి, మనకు అక్కర్లేదు. వంశనామాన్ని మనం 'ఇంటిపేరు' అనే అంటాం కదా. 'ఆ ఇల్లు నిలబడలేదు' అంటే గోడ కూలిందనీ అర్థమే, సంతానం లేకుండా పోయిందనీ అర్థమే. అషర్ కుటుంబంలో చివరికి మిగిలింది ఇద్దరే, రోడెరిక్, అతని కవల చెల్లెలు మేడలిన్. వాళ్లిద్దరూ పోతే వంశమూ పోయింది, ఇల్లూ పోయింది. తెలుగులో ఈ కథకు 'అషర్ ఇల్లు కూలింది' అని పేరు పెడితే, ఇంగ్లీషులో పో వివరించాల్సి వచ్చినదంతా ఆ ఒక్క 'ఇల్లు' లో ఇమిడిపోతుంది.

ఇంకొక్క సంగతి. చెల్లెలు చనిపోయిందనుకుని వాళ్లు ఆమె పెట్టెను నేలమాళిగలో దాచిన చోటు సరిగ్గా కథ చెప్పేవాడి పడకగది కింద ఉంటుంది. ఇది పో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తాడు. వారం తిరిగాక ఆ రాత్రి అతనికి నిద్ర ఎందుకు పట్టలేదో ఆ వాక్యం గుర్తుంటేనే తెలుస్తుంది.

అషర్ కథలో పిచ్చివాడు రోడెరికేనా?

కథ చెప్పేవాడు మనల్ని అలా నమ్మమంటాడు. రోడెరిక్‌కు వెలుతురు పడదు, కొన్ని తీగ వాయిద్యాల చప్పుడు తప్ప ఏదీ పడదు, ఇంటి రాళ్లకు తెలివి ఉందని నమ్ముతాడు, ఏళ్ల తరబడి గడప దాటలేదు. కానీ చివర్లో లేచి నిలబడి 'పిచ్చివాడా, ఆమె తలుపు బయటే నిలబడి ఉంది' అని అరుస్తాడు. ఆ 'పిచ్చివాడా' అన్నది ఎవరిని? ఆరోగ్యంగా వచ్చిన ఈ స్నేహితుణ్ణి. తలుపు తెరుచుకుంటుంది, ఆమె నిజంగానే అక్కడ ఉంటుంది. ఈ లెక్కన ఆ రాత్రి నిజం విన్నది రోడెరిక్, వినీ వినపడనట్టు పుస్తకం చదువుతూ కూర్చున్నది రెండోవాడు. ఆ ఇంట్లో కొన్నాళ్లుంటే ఎవరి పరిస్థితైనా అంతేనేమో అని నాకు అనిపిస్తుంది.

'ది మాస్క్ ఆఫ్ ది రెడ్ డెత్' లో ఏడు గదుల రంగులకు అర్థం ఏమిటి?

మహమ్మారికి భయపడి ఒక రాజు తలుపులు మూసుకున్న భవనంలోని గదుల రంగులివి: నీలం, ఊదా, ఆకుపచ్చ, నారింజ, తెలుపు, వంగపండు రంగు, చివరికి నలుపు. తూర్పున నీలంతో మొదలై పడమర నలుపుతో ముగుస్తాయి కాబట్టి పుట్టుక నుంచి చావు దాకా మనిషి దశలు అని గైడ్లలో రాస్తారు. రాయండి, మార్కులు వస్తాయి. నాకు రంగులకన్నా మలుపులు ముఖ్యం. ప్రతి ఇరవై ముప్పై గజాలకూ ఒక మలుపు ఉండటంతో ఒక గదిలో నిలబడితే తర్వాతి గది కనపడదు. చావు ఎంత దూరంలో ఉందో తెలియకుండా కట్టిన భవనం అది. నల్ల గదికి మాత్రం కిటికీ అద్దాలు నెత్తురు రంగు, అందులోనే గంటలు కొట్టే నల్ల గడియారం.

పో ఈ కథను 1842 మేలో ప్రచురించాడు. ఆ ఏడాది మొదట్లోనే అతని భార్య వర్జీనియా పాడుతూ ఉండగా నోట్లోంచి నెత్తురు పడింది, క్షయ. తలుపులు వేసుకుంటే రోగం లోపలికి రాదనుకున్న రాజు కథను ఆ ఇంట్లో కూర్చుని రాశాడు.

భయం, అసహ్యం రెండూ ఒకటేనా?

మన లాక్షణికులు ఈ రెంటినీ ఎప్పుడో విడదీశారు. నాట్యశాస్త్రంలోని ఎనిమిది రసాల్లో భయానకం వేరు, బీభత్సం వేరు. మొదటిదానికి మూలమైన స్థాయీభావం భయం, రెండోదానికి జుగుప్స. ఇంగ్లండ్‌లో గోథిక్ నవలలు రాసిన ఆన్ రాడ్‌క్లిఫ్ కూడా ఇలాంటి గీతే గీసింది. ఆమె పోయాక 1826లో అచ్చయిన వ్యాసంలో 'టెర్రర్' మనసును విప్పారేలా చేసి మేలుకొలుపుతుందనీ, 'హారర్' దాన్ని ముడుచుకుపోయేలా చేసి గడ్డకట్టిస్తుందనీ రాసింది. రెండు విభజనలూ అచ్చంగా ఒకటి కావు. రాడ్‌క్లిఫ్ దృష్టిలో తేడా అంతా స్పష్టతలో ఉంది. సగం కనపడితే టెర్రర్, పూర్తిగా కళ్లముందు పెడితే హారర్.

పో 'ది టెల్-టేల్ హార్ట్' లో ఈ తూకం చూడండి. చీకటి గదిలో హంతకుడు, మంచం మీద ముసలాయన, ఇద్దరూ మేలుకుని గంటసేపు కదలకుండా ఉండే ఘట్టం నింపాదిగా సాగుతుంది. శవాన్ని ముక్కలు చేయడం మాత్రం రెండు మాటల్లో అయిపోతుంది. ఇప్పటి హారర్ సినిమాల్లో చాలావరకు దీన్ని తిరగేసి తీస్తారు.

'ది టెల్-టేల్ హార్ట్' లో కథ చెప్పేవాడు పిచ్చివాడా, మామూలు హంతకుడా?

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే. మనకో సామెత ఉంది, 'పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట' అని. ఈ కథకు అంతకన్నా మంచి ఒక్క వాక్యపు పరిచయం నాకు దొరకలేదు. మొదటి పేరాలోనే 'నన్ను పిచ్చివాడంటారేం? ఎంత నిదానంగా, ఎంత వివరంగా చెబుతానో చూడండి' అంటాడు. జబ్బు తన చెవులను పదును చేసిందనీ, స్వర్గంలోవీ భూమ్మీదవీ వినపడతాయనీ, నరకంలోవి కూడా చాలానే విన్నాననీ అదే నోటితో అంటాడు. తాను మామూలుగా ఉన్నానని చెప్పడానికి చూపించే రుజువే రోకలి.

చంపడానికి కారణం డబ్బు కాదు, పగ కాదు. ముసలాయన అంటే ఇష్టమే. ఆయన కన్ను ఒకటి లేత నీలంగా, పొర కమ్మి, రాబందు కన్నులా ఉందట. అదీ కారణం. ఏడు రాత్రులు తలుపు సందులోంచి తల దూర్చి, లాంతరు సన్నని కిరణం కంటి మీద వేసి చూస్తాడు. కన్ను మూసి ఉండటంతో చంపలేకపోతాడు. ఎనిమిదో రాత్రి కన్ను తెరిచి ఉంటుంది.

అన్నట్టు, నేను అలవాటుగా 'వాడు' అంటున్నాను గానీ, కథ చెప్పేది మగో ఆడో పో ఎక్కడా చెప్పలేదు. తెలుగులో 'చంపాను', 'దాచాను' లాంటి ఉత్తమ పురుష క్రియలకు లింగం లేదు కాబట్టి మన అనువాదకుడు ఆ ముసుగును అలాగే ఉంచగలడు. హిందీలోకి తెచ్చేవాళ్లకు అంత వీలు లేదు.

చట్టం ప్రకారం ఎలా చూస్తారు అని కూడా కొందరు అడుగుతారు, ముఖ్యంగా లా చదివేవాళ్లు. ఈ కథ అచ్చయింది 1843 జనవరిలో. అదే నెలలో లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ అనే వ్యక్తి, ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ను కాల్చాడు. మతి స్థిమితం లేదని జ్యూరీ అతన్ని నిర్దోషిగా తేల్చింది. దాని మీద పెద్ద గొడవ జరిగి మెక్‌నాటన్ సూత్రాలు పుట్టాయి. నేరం చేసేటప్పుడు తాను చేస్తున్నదేమిటో, అది తప్పని అతనికి తెలుసా అన్నదే గీటురాయి. కథకూ ఆ కేసుకూ సంబంధం లేదు, కాలం కలిసింది అంతే. మన ఐపీసీ 84వ సెక్షన్ ఆ సూత్రాల నీడలో వచ్చిందే. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్. ఆ గీటురాయితో చూస్తే మన కథకుడు తప్పించుకోవడం కష్టం. శవాన్ని నేలపలకల కింద దాచి, మరక లేకుండా సర్దిపెట్టి, పోలీసుల ముందు నవ్వుతూ కూర్చున్నవాడికి అది తప్పని తెలియదంటే ఏ జడ్జి నమ్ముతాడు? డాక్టరు మాత్రం వేరే మాట చెప్పొచ్చు. కథ బలమంతా ఆ రెండు జవాబుల మధ్య ఖాళీలో ఉంది.

మరి చివర్లో కొట్టుకున్న గుండె ఎవరిది?

దూదిలో చుట్టిన గడియారం చప్పుడు అని చంపకముందూ అంటాడు, చంపాకా అంటాడు. పోలిక అదే. అది వాడి గుండే అయ్యుండాలని నా నమ్మకం. పోలీసులు ముగ్గురూ కబుర్లు చెప్పుకుంటున్నారు, వాళ్లకేమీ వినపడలేదు. శవం ఉన్న చోటే సరిగ్గా తన కుర్చీ వేసుకుని కూర్చున్నది వాడే, గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నదీ వాడే.

పో రాసిన 'ది కాస్క్ ఆఫ్ అమాంటిలాడో' లో కథ చెప్పే మాంట్రెసర్ కూడా పిచ్చివాడేనా?

నాకలా అనిపించదు, అందుకే ఈ కథ మరీ భయం. కార్నివాల్ రోజున స్నేహితుడికి వైన్ ఆశ చూపి, శవాలు పెట్టే సొరంగాల్లోకి తీసుకెళ్లి, గొలుసుతో కట్టి, ముందు రాతి గోడ కడతాడు. యాభై ఏళ్ల తర్వాత చల్లగా చెబుతాడు. ఆ స్నేహితుడు చేసిన అవమానం ఏమిటో మాత్రం చివరిదాకా చెప్పడు. గోడ పూర్తవుతుండగా గుండెలో కలుక్కుమందని ఒప్పుకుని, వెంటనే 'లోపలి చెమ్మ వల్ల' అంటాడు. ఆ ఒక్క సాకు కోసం కథ రెండోసారి చదవొచ్చు.

బతికుండగానే పూడ్చిపెట్టడం ఇన్ని కథల్లో ఎందుకు వస్తుంది?

స్టెతస్కోపు అప్పుడప్పుడే వాడకంలోకి వస్తున్న కాలం అది. చావును ఖాయంగా తేల్చడం కష్టం, కలరా రోజుల్లో హడావుడిగా పూడ్చేవాళ్లు. లోపలి నుంచి గంట మోగించే ఏర్పాటున్న శవపేటికలకు పేటెంట్లు కూడా తీసుకున్నారు. 1896లో లండన్‌లో ఈ ప్రమాదాన్ని ఆపడానికి ఒక సంఘమే పెట్టారు. మనలో ఎక్కువమందికి దహనమే ఆచారం కాబట్టి ఈ భయం చప్పున ఎక్కదు. లిఫ్ట్ మధ్యలో ఆగిపోయి కరెంటు పోయిన రెండు నిమిషాలు గుర్తు తెచ్చుకుని చదవండి.

'ది యెల్లో వాల్‌పేపర్' నిజంగా జరిగిందా?

సగం. ఈ కథ రాసిన షార్లట్ పెర్కిన్స్ గిల్మన్‌కు 1885లో కూతురు పుట్టింది. ఆ తర్వాత తీవ్రమైన కుంగుబాటు. 1887లో ఫిలడెల్ఫియాలో సైలస్ వెయిర్ మిచెల్ అనే పేరుమోసిన నరాల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన వైద్యం పేరు 'రెస్ట్ క్యూర్'. మంచం మీద పడుకోవడం, బాగా తినడం, ఎవరినీ కలవకపోవడం. పంపించేటప్పుడు ఇంటిపట్టునే ఉండమనీ, రోజుకు రెండు గంటలకు మించి బుర్రకు పని పెట్టొద్దనీ, బతికినన్నాళ్లు కలం, కుంచె, పెన్సిలు ముట్టుకోవద్దనీ చెప్పాడు. మూడు నెలలు అలాగే చేసి, మతి తప్పే అంచుదాకా వెళ్లానని ఆమే 1913లో రాసింది. ఆ సలహా గాలికి వదిలేసి మళ్లీ పని మొదలుపెట్టి కోలుకుంది. కథ 1892 జనవరిలో అచ్చయింది. అంతకుముందు ఒక పెద్ద పత్రిక సంపాదకుడు దాన్ని తిప్పి పంపుతూ, నేను పడ్డ బాధ ఇంకొకరికి పెట్టలేను అని రాశాడు. అంతకన్నా గొప్ప మెచ్చుకోలు ఏ కథకైనా దొరుకుతుందా?

కథలో భర్త జాన్ డాక్టరే. మంచివాడే, పెళ్లాం మీద ప్రేమ కూడా ఉంది. చిక్కంతా ఆ ప్రేమతోనే. ఆమె ఏం చెప్పినా చంటిపిల్లను బుజ్జగించినట్టు మాట్లాడతాడు. కింది గది కావాలంటే వినకుండా మేడ మీది గదిలో పెడతాడు. ఆమె దొంగచాటుగా డైరీ రాస్తుంది, ఎవరైనా వస్తే దాచేస్తుంది. మనం చదివేది ఆ డైరీయే. చేయడానికి పని లేదు, చదవడానికి పుస్తకం లేదు, ఎదురుగా గోడ. పసుపు కాగితం మీది డిజైన్ చూసి చూసి, ఆ గీతల వెనక ఒక ఆడమనిషి ఊచలు పట్టుకుని ఊపుతున్నట్టు కనపడుతుంది.

పచ్చి బాలింతను గదిలో ఉంచి, చదవొద్దు, కళ్లకు శ్రమ పెట్టొద్దు, ఎవరితో ఎక్కువ మాట్లాడొద్దు అనడం మన ఇళ్లలో తెలియని సంగతి కాదు. మా పెద్దమ్మ ఈ కథను నా నోట విని 'పిల్ల తల్లికి ఒక మాట తోడు కావాలిరా, అంతే' అంది. విమర్శ పుస్తకాల్లో నేను చదివినదానికన్నా ఆ మాటే నాకు ఎక్కువ గుర్తుంది.

ఆ గది నిజంగా పిల్లల గదేనా?

ఆమె అలా అనుకుంటుంది. కిటికీలకు ఊచలు ఉన్నాయి కాబట్టి పిల్లలు పడిపోకుండా పెట్టారంటుంది. గోడలకు రింగులు ఉన్నాయి కాబట్టి ఆట వస్తువులకు అంటుంది. మంచం నేలకు మేకులు కొట్టి బిగించి ఉంది. మంచం తలవైపు చేయి అందినంత మేర కాగితం చింపేసి ఉంది. గోడ కింది భాగాన గది చుట్టూ ఎవరో రాసుకుంటూ తిరిగినట్టు ఒక చార. ఇవన్నీ వరసగా పేర్చి చూడండి. ఇంతకుముందు అక్కడ ఎవరిని ఉంచారో మనకు తెలుస్తుంది, ఆమెకు తెలియదు. లేదా ఆ చార ఆమెదేనేమో, చివరి పేజీలో ఆమె భుజం దానికి సరిగ్గా అతుకుతుంది.

ఇలాంటి కథలు రాసినవాళ్లే పిచ్చివాళ్లు, తాగుబోతులు అంటారు. నిజమేనా?

పో తాగుడు గురించి ప్రచారం చాలావరకు అతని శత్రువు రూఫస్ గ్రిస్‌వోల్డ్ పుణ్యం. 1849లో పో చనిపోగానే మారుపేరుతో విషం కక్కే సంతాప వ్యాసం రాసి, ఆ తర్వాత అతని రచనలకు తానే సంపాదకుడయ్యాడు. పో తాగలేదని కాదు. కానీ 1842లోనే, కథ ఒక్క కూర్చులో చదివేలా ఉండాలి, ప్రతి మాటా ముందే అనుకున్న ఒకే ప్రభావం వైపు నడవాలి అని రాసిన మనిషి అతను. మత్తులో ఊగుతూ రాసినవాడి లెక్క కాదు ఇది.

మొపాసా సంగతి మరీ చిక్కు. 'ది హోర్లా' లో కంటికి కనపడని ఏదో జీవి రాత్రిళ్లు మంచం పక్కన నీళ్లూ పాలూ తాగేస్తుంది, చివరికి మనిషి ఇష్టాన్నే తాగేస్తుంది. అద్దంలో తన బొమ్మ కనపడకపోవడంతో అతనికి రుజువు దొరికిపోతుంది. దాన్ని చంపడానికి ఇంటికి నిప్పు పెడతాడు, లోపల పనివాళ్లు ఉన్నారన్న సంగతి మర్చిపోతాడు. మొపాసాకు సిఫిలిస్ ఉంది. 1892 జనవరిలో గొంతు కోసుకోబోయాడు, 1893లో 42 ఏళ్లకు ప్యారిస్‌లోని మానసిక చికిత్సాలయంలో చనిపోయాడు. అందుకని ఈ కథ ఆయన జబ్బు రిపోర్టు అనేస్తారు. కానీ ఆయన దీన్ని 1886లో ఒకలా, 1887లో ఇంకొకలా రాశాడు. మొదటిదాంట్లో రోగి డాక్టర్ల ముందు కూర్చుని చెబుతాడు. రెండోది డైరీ, మధ్యలో నిలదీసి అడిగే డాక్టరు లేడు. వినేవాణ్ణి తీసేస్తే భయం పెరుగుతుందని కనిపెట్టి మార్చిన చేయి అది. బాగా పనిచేస్తున్న చేయి.

పాడుబడ్డ బంగళా లేకుండా గోథిక్ కథ రాయొచ్చా?

రాశారు. 1866లో డికెన్స్ 'ది సిగ్నల్-మాన్' లో రైలు పట్టాల కోసం నేలను లోతుగా తవ్విన, చెమ్మ కారే దారిని, సొరంగం నోటిని, ఒక ఎర్ర దీపాన్ని వాడుకున్నాడు. అంతకుముందు ఏడాది, 1865 జూన్ 9న, స్టేపుల్‌హర్స్ట్ దగ్గర రైలు ప్రమాదంలో ఆయన ఎక్కిన పెట్టె వంతెన మీద వేలాడింది, పదిమంది పోయారు. సరిగ్గా అయిదేళ్లకు అదే తేదీన ఆయనా పోయాడు. ఈ ముక్క ఏ కథలోనైనా పెడితే అతి అనిపించేది.

షెరిడన్ లె ఫాన్యూ 'గ్రీన్ టీ' (1869) లో ఒక పాద్రీకి నల్లకోతి మొదటిసారి కనపడేది ఆమ్నిబస్సులో, అంటే అప్పటి సిటీ బస్సు. గొడుగుతో పొడిస్తే గొడుగు దానిలోంచి దూసుకుపోతుంది. కారణాల్లో ఒకటి రాత్రిళ్లు అతిగా తాగిన గ్రీన్ టీ. బరువు తగ్గడానికి తాగేవాళ్లు కంగారు పడక్కర్లేదు.

'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' లో దయ్యాలు నిజమా, ఆ టీచరమ్మ భ్రమా?

హెన్రీ జేమ్స్ రాసిన ఈ కథ అచ్చయిన 1898 నుంచీ తేలలేదు. నేను ఒకసారి ఇటు, ఒకసారి అటు చదివాను. రెండుసార్లూ కథ సరిపోయింది.

ఈ కథల్లో ఇండియా కనపడుతుందా?

కనపడుతుంది, ఎక్కువగా శాపాల గోడౌన్‌లా. డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 'ది మంకీస్ పా' (1902) లో కోరికలు తీర్చే కోతి పంజాను ఇండియా నుంచి సైనికుడు తెస్తాడు, మంత్రించింది ఒక ఫకీరు. అక్కడి ఇంట్లో జరిగే ఘోరానికి కారణం ఇక్కడి నుంచి దిగుమతి అన్నమాట.

నాకు నచ్చేది తిరుగు టపా. రవీంద్రనాథ్ ఠాగూర్ 1895లో రాసిన 'క్షుధిత పాషాణ్', అంటే ఆకలిగొన్న రాళ్లు. అహ్మదాబాద్‌లో పడుచు వయసులో తాను ఉన్న షాహీబాగ్ భవనం తలపుతో రాశాడు. కథలో మాత్రం ఆ ఉద్యోగి హైదరాబాద్ నిజాం కొలువులో చేరి, బరీచ్ అనే ఊళ్లో పత్తి మీద పన్ను వసూలు చేస్తుంటాడు. నది ఒడ్డున నూట యాభై మెట్ల పైన పాడుబడ్డ పాలరాతి మహల్. పొద్దున కోటూ టోపీతో లెక్కలు రాసుకుంటాడు. సాయంత్రం దీపం పెట్టే వేళకు ఆ లెక్కలు నవ్వులాటగా అనిపించి, నవాబు వేషంలో కనపడని ఆడవాళ్ల అందెల చప్పుడు వెంట గదులన్నీ తిరుగుతాడు. తెల్లవారుతుండగా మెహర్ అలీ అనే పిచ్చివాడు ఇంటి చుట్టూ తిరుగుతూ 'దూరంగా పోండి, అంతా అబద్ధం' అని కేకలు పెడతాడు. అంతకుముందు ఆ ఇంట్లో రాత్రిళ్లు గడిపి ప్రాణాలతో బయటపడినవాడు అతనొక్కడే. నిజం చెప్పేది కూడా ఆ ఊళ్లో అతనొక్కడే.

ముందు ఏది చదవాలి? ఇంగ్లీషు కష్టంగా ఉంటుందా?

'ది టెల్-టేల్ హార్ట్' తో మొదలుపెట్టండి, పావుగంట పని. తర్వాత 'ది యెల్లో వాల్‌పేపర్', దాని వాక్యాలు చిన్నవి. అషర్ కథకు మొదటి రెండు పేజీలు ఓపిక పట్టాలి, వాక్యాలు చెరువు చుట్టూ తిరిగినట్టే తిరుగుతాయి. పైకి చదివితే దారి దొరుకుతుంది. వీటన్నిటికీ కాపీరైటు గడువు తీరిపోయింది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి.

పరీక్షకు 'సెట్టింగ్' గురించి రాసేవాళ్లకు ఒక్క మాట. 'వాతావరణం భయంకరంగా ఉంది' అని రాసి ఊరుకోకండి. పగులు, కిటికీ ఊచ, నేలపలక, ఏదో ఒక వస్తువు పట్టుకుని అది కథలో ఎన్నిసార్లు వచ్చిందో, వచ్చిన ప్రతిసారీ చెప్పేవాడి మనసు ఎంత జారిందో రాయండి.

'క్షుధిత పాషాణ్' మధ్యలో ఆగిపోతుంది. మిగతా భాగం ఎక్కడ దొరుకుతుంది?

ఎక్కడా దొరకదు. ఈ కథంతా రైల్వే జంక్షన్‌లో బండి కోసం ఎదురుచూస్తూ, రైల్లో పరిచయమైన ఒక పెద్దమనిషి ఇద్దరు ప్రయాణికులకు చెబుతాడు. ఆ మహల్ నుంచి బయటపడే దారి తెలియాలంటే ముందు ఒక ఇరానీ బానిస పిల్ల కథ వినాలి అంటాడు. అది మొదలుపెట్టేలోపు బండి వచ్చేస్తుంది. మొదటి తరగతి పెట్టెలోంచి ఒక ఇంగ్లీషు దొర అతన్ని గుర్తుపట్టి పిలుచుకుపోతాడు. వీళ్లిద్దరూ రెండో తరగతి ఎక్కుతారు. మనల్ని వెర్రివాళ్లను చేసి కట్టుకథ చెప్పాడు అంటాడు ఒకడు. దివ్యజ్ఞాన సమాజం మీద నమ్మకమున్న అతని చుట్టం ఒప్పుకోడు. మాటా మాటా పెరిగి, ఆ ఇద్దరికీ జన్మలో మళ్లీ మాటల్లేకుండా పోయాయి.